స్కార్‌బరో రేవు మెజోటింట్: 1826దా, 1856దా, అసలు మెజోటింటేనా?

తీరరేఖ (విశాఖపట్నం)

ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ బొమ్మ ఆధారంగా థామస్ లప్టన్ ప్లేటు చెక్కి చేసిన ‘స్కార్‌బరో’ ప్రింటు ఇంగ్లండులో ఒకచోట అమ్మకానికి ఉంది. కొండ మీద కోట, కింద ఆటుకు నీళ్ళు తీసిన ఇసుక, పడవలు. బొమ్మ కొలత రమారమి 16 × 23 సెం.మీ. పైనా పక్కలా ప్లేట్ మార్క్ (ప్లేటు అంచు కాగితంలో నొక్కుకున్న గుర్తు) కనపడుతోంది, ఎడమ మార్జిన్ మాత్రం సన్నం. ఆకాశంలో సూదిమొనంత నల్లచుక్కలు కొన్ని, కింది మార్జిన్‌లో గోధుమరంగు మచ్చలు ఉన్నాయి. అమ్మేవాళ్ళు ‘మెజోటింట్, 1826’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

ఈ ప్లేట్లు 1856లో మళ్ళీ పుస్తకంగా వచ్చాయని తెలుసు. ఫొటోలు అడిగి తెప్పించుకుంటే చేత్తో ప్లేటు చెక్కిన మెజోటింటో, ఫొటో నుంచి ప్లేటు తీసిన ఫొటోగ్రావ్యూరో తేల్చుకోవచ్చా? 1826 ముద్రణకీ 1856 ముద్రణకీ తేడా ఎక్కడ దొరుకుతుంది? ఆ నల్లచుక్కలు బూజా? కొన్నాక ఉంచేది బీచికి దగ్గర్లోని ఇంట్లో, కాబట్టి ఫ్రేము సంగతి కూడా చెప్పండి.

రాగిరేకు

మొదట పద్ధతి తేల్చుకోండి, తేదీ తర్వాత. మెజోటింట్ ఎలా తయారవుతుందో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

ఇందులో లోహపు ప్లేటు నలుపుతో మొదలవుతుంది. వంపు అంచు నిండా సన్నటి పళ్ళున్న రాకర్‌ని ప్లేటు మీద అటూ ఇటూ ఊపుకుంటూ నడిపిస్తారు. పళ్ళు అంగుళానికి 50 నుంచి 100 దాకా ఉంటాయి. ఒక దిశలో ప్లేటంతా అయ్యాక కోణం కొద్దిగా మార్చి మళ్ళీ మొదలుపెడతారు. ఇలా కనీసం 20 దిశలు, మంచి ప్లేటుకు 40 దాకా. ప్రతి పన్నూ ఒక గుంట పెట్టి, దాని పక్కన లోహాన్ని గరుగ్గా పైకి లేపుతుంది. ఆ గరుకే బర్. సిరాని పట్టి ఉంచేది ముఖ్యంగా అదే. ఆ దశలో ముద్రిస్తే కాగితం నిండా చిక్కటి నలుపే వస్తుంది. అప్పుడు స్క్రేపర్‌తో బర్‌ని గీకి, బర్నిషర్‌తో నునుపు చేసి వెలుగు తీస్తారు. ఎంత గీకితే అంత తెలుపు. రేవు బొమ్మలకి ఈ పద్ధతి అంతగా కుదరడానికి కారణం ఇదే. పొగమంచుకీ, వాన మబ్బుకీ, తడి ఇసుక మీది మెరుపుకీ గీత అక్కర్లేదు. చీకట్లోంచి వెలుగు మెల్లగా తేలితే చాలు.

కాబట్టి 10 రెట్లు పెంచి చూపే లూప్ పెట్టుకుని తెల్లటి చోట్లు వెతకండి. చిక్కటి నలుపులో ఏ పద్ధతైనా ఇంచుమించు ఒకేలా కనపడుతుంది. అల నురగ అంచూ, మబ్బు అంచూ, తెరచాప మీద ఎండ పడ్డ భాగమూ ముఖ్యం. స్క్రేపర్ పూర్తిగా తీసేయని రాకర్ గుంటలు అక్కడ సన్నటి చుక్కల వరసలుగా మిగిలిపోతాయి. ఆ వరసలు ఒకదాన్నొకటి కోసుకుంటూ నాలుగైదు దిక్కులకు పోతుంటే అది మెజోటింటే.

ఆక్వాటింట్ అయితే తెల్లటి చిన్న దీవులూ, వాటి చుట్టూ సిరా వలా కనపడతాయి. ప్లేటు మీద చల్లిన రెజిన్ పొడి గింజల చుట్టూ యాసిడ్ తినడం వల్ల ఆ వల వస్తుంది. ఒక్కో టోను సమంగా పరుచుకుని, పక్క టోనుని కలిసే చోట గట్టి అంచు వస్తుంది. ఫొటోగ్రావ్యూర్‌లో గింజ బొమ్మంతా ఒకే తీరుగా ఉంటుంది, స్క్రేపర్ నడిచిన జాడ ఎక్కడా ఉండదు. గ్రావ్యూర్‌కి కూడా ప్లేట్ మార్క్ పడుతుంది కాబట్టి అది చూసి నమ్మేయకండి.

రేవు బొమ్మల్లో ఇంకో తేలిక పరీక్ష ఉంది: ఓడ తాళ్ళు. మెజోటింట్ ప్లేట్ల మీద తాళ్ళూ తెరచాప కొయ్యలూ చాలాసార్లు ఎచింగ్ గీతలే, అంటే యాసిడ్‌తో తినిపించినవే. అసలు ప్రింటులో ఆ గీత తెగకుండా, అంచులు పదునుగా, సిరా కాస్త ఉబ్బెత్తుగా కూర్చుని ఉంటుంది. ఫొటోగ్రావ్యూర్‌లో అదే తాడు దగ్గర్నుంచి చూస్తే గింజలు గింజలుగా విడిపోతుంది. అమ్మకందారుని ఒక కొయ్య కొస క్లోజప్ అడగండి, వందకు తొంభై సందేహాలు అక్కడే తీరతాయి. ఆ 1856 పుస్తకపు తర్వాతి ఎడిషన్లలో ఫొటోగ్రావ్యూర్లు వేశారు, వాటి సైజు చిన్నది. మీరు చెప్పిన కొలత నిజమైతే ఆ అనుమానం చాలావరకు పోతుంది, కానీ కొలత కూడా స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోలోనే చూడండి.

నీటిగుర్తు

పైన చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. నేను తేదీ సంగతి చెబుతాను.

1826–28 మధ్య ‘పోర్ట్స్ ఆఫ్ ఇంగ్లండ్’ పేరుతో విడి భాగాలుగా వెలువడినవి ఆరు ప్లేట్లే: స్కార్‌బరో, విట్‌బీ, డోవర్, రామ్స్‌గేట్, షీర్‌నెస్, పోర్ట్స్‌మత్. అక్కడితో పని ఆగిపోయింది. 1856లో గాంబార్ట్ సంస్థ ఇంకో ఆరు చేర్చి, కళా విమర్శకుడు జాన్ రస్కిన్ రాసిన వ్యాసంతో ‘హార్బర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ అని పన్నెండు ప్లేట్ల పుస్తకం వేసింది. మార్గేట్, ఫాల్మత్, సిడ్మత్, డీల్, ప్లిమత్, క్యాట్‌వాటర్ ఆ రెండో ఆరు. వీటిలో ఏదైనా ‘1826 ప్రచురణ’ అని అమ్ముతుంటే ఆ వివరణ మీద ఇక నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. స్కార్‌బరో మాత్రం రెండు చోట్లా ఉంది, చిక్కంతా అదే.

బొమ్మ కింది సన్నటి అక్షరాల లైను మొత్తం చదవగలిగే ఫొటో అడగండి. ఇంగ్లండులో 1735 నాటి చట్టం ప్రకారం ప్లేటు మీద హక్కుదారు పేరూ, ప్రచురణ తేదీ చెక్కాలి. అందుకే ఆ తర్వాతి ఇంగ్లీషు ప్రింట్ల మీద ఆ లైను ఉంటుంది. అయితే ఆ తేదీ ప్లేటుది, కాగితానిది కాదు. అదే ప్లేటు ముప్పై ఏళ్ళ తర్వాత ప్రెస్సెక్కినా పాత లైను అలాగే ఉండిపోవచ్చు. లైను చెరిపేసిన చోట లోహం నునుపై, కాగితం మీద లేత పొగ మరకలా కనపడుతుంది. దాన్ని కూడా లూప్‌తో చూడాలి.

కాగితం ఇంతకంటే గట్టి సాక్ష్యం. షీటుని కిటికీకి అడ్డంపెట్టి వెనకనుంచి వెలుతురు పడేలా ఒక ఫొటో అడగండి. ఆ కాలపు ఇంగ్లీషు వోవ్ కాగితం (వెలుతురులో గీతలు కనపడని రకం) మీద ‘జె వాట్‌మన్’ పేరు, దాని కింద ఏడాది వాటర్‌మార్కుగా దొరుకుతుంటాయి. 1794 నాటి పన్ను చట్టం తర్వాత ఏడాది వేయడం మామూలైంది. వాటర్‌మార్కులో 1850 ఉంటే ఇక వాదనే లేదు, అది తర్వాతి ముద్రణ. 1825 ఉంటే అనుకూలమైన గుర్తే, కానీ కాగితం గోదాములో కొన్నేళ్ళు పడి ఉండటం వింతేమీ కాదు కాబట్టి రుజువు మాత్రం కాదు. చిన్న షీట్లలో వాటర్‌మార్కులో సగం అక్షరాలే మిగలడం, అసలేమీ లేకపోవడం కూడా సహజం.

ఇక ముద్రణ నాణ్యత. రాగి ప్లేటు మెజోటింట్‌లో బర్ ప్రతి ముద్రణకీ ప్రెస్సు కింద నలుగుతుంది, మంచి కాపీలు వంద దాటడం కష్టం. అందుకే లప్టన్ మెత్తటి స్టీలు ప్లేట్ల మీద మెజోటింట్ చేసి చూపించాడు. 1822లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ దానికి పతకం ఇచ్చింది. స్టీలు మీద వెయ్యికి పైగా తీయవచ్చు. ఈ రేవుల ప్లేట్లు స్టీలువే. కాబట్టి 1856 కాపీ కూడా నల్లగానే కనపడవచ్చు, నలుపు చూసి తేదీ చెప్పకండి. ఆకాశంలో లేత టోన్ల మధ్య తేడాలు చూడండి. ప్లేటు అరిగినకొద్దీ మబ్బు లోపలి మెట్లు కలిసిపోయి ఆకాశం చదునవుతుంది. దాన్ని సరిచేయడానికి మళ్ళీ రాకర్ వేస్తే ఆ అతుకు చుట్టుపక్కల గింజకంటే ముతగ్గా కనపడుతుంది. టర్నర్ 1851లో చనిపోయాడు. తన ప్లేట్ల ప్రూఫులు (నమూనా ముద్రణలు) దగ్గరుండి దిద్దే మనిషి 1856 ముద్రణని చూడనే లేదు. ఈ కారణంగానే మొదటి ముద్రణ కోసం అంత వెతుకుతారు.

తీరరేఖ

ఇద్దరికీ ధన్యవాదాలు. అడిగిన ఫొటోలు వచ్చాయి. కొయ్య గీత పదునుగా, తెగకుండా ఉంది. అల అంచున చుక్కల వరసలు అడ్డంగా నిలువుగా కనపడుతున్నాయి. వాటర్‌మార్కు లేదు. ఎడమ అంచున మూడు చిన్న రంధ్రాలు ఒకే వరసలో ఉన్నాయి. కింది అక్షరాల లైను దాకా షీటు కోసేశారు, ఊరి పేరు మాత్రం ఉంది. ఆకాశంలో చుక్కలు వెనకవైపు కనపడటం లేదు, గోధుమ మచ్చలు కనపడుతున్నాయి.

రాగిరేకు

అయితే మెజోటింటే, అనుమానం అక్కర్లేదు.

నల్లచుక్కలు బూజు కాదు. స్టీలు ప్లేటుకి తుప్పు పట్టి పడిన గుంటలు సిరా పట్టుకుని ముద్రణలో చుక్కలుగా వస్తాయి. బొమ్మ సిరా రంగే ఉంటుంది, అంచు పదునుగా ఉంటుంది, వెనక్కి దిగదు. మీరు చెప్పినవన్నీ దీనికి సరిపోతున్నాయి. ప్లేటు కొంతకాలం సరిగ్గా మైనం, నూనె పూయకుండా పడి ఉందనడానికి ఇది గుర్తు, కాబట్టి తేదీని 1856 వైపు మొగ్గేలా చేస్తుంది. ఆ చుక్కల్ని గోటితోనో బ్లేడుతోనో తీయబోయారంటే ఆకాశం పోయినట్టే. కింది గోధుమ మచ్చలు ఫాక్సింగ్. అవి కాగితంలో పుట్టి, మెత్తటి అంచులతో రెండు వైపులా కనపడతాయి. అవి వేరు, ఇవి వేరు.

రంధ్రాలు కుట్టువి. పుస్తకంలోంచి తీసినదైనా కావచ్చు, 1826 నాటి భాగం అట్టలోంచి తీసినదైనా కావచ్చు. లైను కోసేశారు, వాటర్‌మార్కు లేదు, తుప్పు చుక్కలు ఉన్నాయి. ఇన్ని కలిసినప్పుడు దీన్ని 1856 కాపీగానే లెక్కేసి, ఆ ధరకే అడగాలి. 1826 అని నిరూపించే బాధ్యత అమ్మేవాళ్ళది.

ఒక మాట. 1856 అయినంత మాత్రాన తీసిపారేయకండి. రాపిడికి నలుపు తెల్లబారిన 1826 కాపీ కంటే, ఆకాశంలో మెట్లు నిలిచి ఉన్న 1856 కాపీ గోడ మీద ఎంతో బాగుంటుంది. రాపిడి పరీక్షకు లైటుని షీటుకి పక్కనుంచి, బాగా కిందికి పెట్టి ఫొటో తీయించండి. మెజోటింట్ నలుపు కాగితం పైన మందంగా కూర్చుని ఉంటుంది, మఖ్మల్ మీద వేలు రాస్తే చార కనపడ్డట్టు దీనిమీద కూడా రాపిడి వెంటనే తెలిసిపోతుంది. చీకటి ముందుభాగంలో, మూలల్లో, పాత మడత మీద బూడిదరంగు చారలుంటే వదిలేయండి. ఫాక్సింగ్‌ని కన్జర్వేటర్ (పాత కాగితాల్ని బాగుచేసే నిపుణులు) తగ్గించగలరు, పోయిన సిరాని ఎవరూ తేలేరు.

అదే ధరలో ఇతర తీర దృశ్యాలు కూడా చూడండి. టర్నర్ ప్రింట్ల వరస ‘లైబర్ స్టూడియోరమ్’ (1807–1819, ప్రచురించినవి 71 ప్లేట్లు) గోధుమ సిరాలో ఉంటుంది, గీతలు చాలావరకు టర్నర్ చేతివే, టోను చార్లెస్ టర్నర్ (ఇతను వేరే టర్నర్), విలియం సే లాంటివాళ్ళది. పై మార్జిన్‌లో బొమ్మ తరగతిని చెప్పే అక్షరం ఉంటుంది, సముద్ర దృశ్యాలకు ‘ఎమ్’. అయితే వీటిని తర్వాత ఫ్రాంక్ షార్ట్ మళ్ళీ మెజోటింట్‌లోనే చేశాడు. అవీ అసలు మెజోటింట్లే, కానీ టర్నర్ కాలపువి కావు, పేరు చదవకుండా కొనకండి. చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ బొమ్మలకు డేవిడ్ లూకస్ చేసిన స్టీలు మెజోటింట్లలో వేమత్ బే, బ్రైటన్ తీరం ఉన్నాయి. ఆ మబ్బుల పని చూశాక మిగతావి కాస్త చప్పగా అనిపిస్తాయి. ఇంకా వెనక్కి వెళితే 1720లలో ఎలిషా కర్కల్, డచ్చి చిత్రకారుడు వాన్ డ వెల్డ్ ఓడల బొమ్మల్ని సముద్రపు ఆకుపచ్చ సిరాలో వేశాడు. ఆ ఆకుపచ్చని చూసి ఎవరో రంగు వేశారనుకుని వదిలేసేవాళ్ళున్నారు.

కోరంగి_రేవు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మన కోరమాండల్ తీరం మీద ఇలాంటి మెజోటింట్లు దొరుకుతాయా? మద్రాసు అలల్లో మసూలా పడవల ప్రింట్లు ‘మెజోటింట్’ అని అమ్ముతుంటారు.

నీటిగుర్తు

వాటిని లూప్‌తో చూస్తే చాలావరకు ఆక్వాటింటో, లిథోగ్రాఫో (రాతి మీంచి ముద్రించినది), స్టీలు గీతల చెక్కుడో అని తేలుతుంది. థామస్, విలియం డేనియల్ చేసిన భారతదేశపు దృశ్యాలు ఆక్వాటింట్లు. మన తీరం బొమ్మని ‘మెజోటింట్’ అన్నారంటే ఆ మాటను వెంటనే పరీక్షించాలి. విలువ తక్కువని కాదు, వేరే పద్ధతికి వేరే లెక్క.

తీరరేఖ గారూ, కొనేముందే అన్నీ తేల్చుకోండి. వందేళ్ళు దాటిన కళాఖండం దేశంలోకి వచ్చాక తిరిగి బయటికి పంపాలంటే 1972 నాటి పురావస్తు చట్టం అడ్డొస్తుంది. ‘నచ్చకపోతే వాపసు’ అన్న మాటని అందుకే ఇక్కడ నమ్ముకోకూడదు. క్లోజప్, పక్కలైటు, వెనకలైటు, వెనకవైపు: ఈ నాలుగు ఫొటోలూ డబ్బు కట్టకముందే కావాలి.

గంజిపిండి

ఫ్రేము సంగతి నేను చెబుతాను. విశాఖ తేమలో ప్రింటుకి మామూలు ఫ్రేము షాపు పనే పెద్ద ప్రమాదం. ఎండీఎఫ్ వెనక బల్ల, ఫెవికాల్, నాలుగు వైపులా టేపు, ప్రింటుని ఆనుకుని గాజు. వానాకాలంలో కాగితం ఉబ్బుతుంది, నాలుగు వైపులా అంటించి ఉంటే సాగడానికి చోటులేక అలలు తిరుగుతుంది. ఆ అలల మిట్టలు గాజుకి అంటుకుంటే సిరా గాజు మీదికి వచ్చేస్తుంది. మెజోటింట్‌కి ఇది అన్నిటికంటే చెడ్డ నష్టం.

నూరు శాతం కాటన్ రాగ్ బోర్డు, 4 ప్లై (సుమారు 1.5 మి.మీ.), ముందొకటి వెనకొకటి కావాలి. ముందు బోర్డుని, అంటే బొమ్మ కనపడేలా మధ్యలో కోసిన కిటికీ బోర్డుని, ప్లేట్ మార్క్ బయటికి కనీసం 5 మి.మీ. వదిలి కోయించండి. ప్లేట్ మార్క్ మీద బోర్డు కూర్చుంటే ఆ అంచు దగ్గరే కాగితం విరుగుతుంది. గాజుకీ ప్రింటుకీ మధ్య ఆ బోర్డు మందం తప్పనిసరి, ఇంకో 3 మి.మీ. స్పేసర్ వేస్తే ఇంకా మంచిది. ప్రింటుని వెనక బోర్డుకి పైఅంచున రెండే రెండు జపనీస్ కాగితపు పట్టీలతో వేలాడదీయాలి. ఒక్కోటి 2 సెం.మీ. వెడల్పు చాలు. కింద, పక్కల ఏమీ అంటించకూడదు.

జిగురు గోధుమ స్టార్చ్‌తో. మైదా ఉడకబెట్టిన జిగురు వద్దు, అందులోని గ్లూటెన్ పసుపెక్కి గట్టిపడుతుంది, వెండిపురుగుకి అది విందు. పోస్టర్లకి వాడేలా మైలుతుత్తం కలిపిన జిగురైతే అసలే వద్దు, రాగి ఉప్పు కాగితాన్ని కాలుస్తుంది. ఒక చెంచా గోధుమ స్టార్చ్, ఐదు చెంచాల శుద్ధజలం గంటసేపు నానబెట్టి, సన్నటి సెగ మీద కలుపుతూ 20 నిమిషాలు ఉడికించండి. తెల్లటి పాలలా ఉన్నది గాజులా పారదర్శకంగా మారాలి. చల్లారాక సన్నటి జల్లెడలో రెండుసార్లు రుద్ది తీసి, మీగడ పలచన అయ్యేదాకా నీళ్ళు కలపండి. ఫ్రిజ్‌లో మూడునాలుగు రోజులకి మించి ఉంచకండి. పట్టీ మీద తడి ఎక్కువైతే ముందువైపు ముడత తేలుతుంది, కాబట్టి పూశాక బ్లాటింగ్ కాగితం మీద ఒకసారి అద్ది, అప్పుడు అంటించి, పైన బ్లాటరు, చిన్న బరువు పెట్టి గంటసేపు వదలండి. బరువు పట్టీ మీదే ఉండాలి, బొమ్మ మీద కాదు.

గాలిలో తేమ 45–55 శాతం మధ్య ఉంటే కాగితానికి హాయి. మన దగ్గర అది సాధ్యం కానప్పుడు గాజు, బోర్డులు, ప్రింటు, వెనక పాలిస్టర్ ఫిల్ము కలిపి అంచుల చుట్టూ అల్యూమినియం టేపుతో మూసేసి, ఆ ప్యాకెట్టుని ఫ్రేములో పెట్టండి. పొడిగా ఉన్న రోజున, బోర్డుల్ని ఏసీ గదిలో రెండు రోజులు ఆరనిచ్చి మూయాలి. తడిమీద మూస్తే ఆ తడే లోపల బూజు పట్టిస్తుంది. ఫ్రేము వెనక మూలల్లో సెంటీమీటరు మందం కార్కు ముక్కలు పెడితే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. సముద్రం వైపు గోడ, బాత్రూం గోడ వద్దు. వేపాకు, కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు కాగితాన్ని ఆనుకుని పెట్టకండి, మరకలు వేస్తాయి.

వెలుతురు 50 లక్స్ చాలు, యూవీ ఆపే గాజు వేయించండి. సిరాకి వెలుతురు భయం తక్కువ, పసుపెక్కేది కాగితం.

తీరరేఖ

ఫాక్సింగ్‌కి ఇంట్లో ఏమైనా చేయొచ్చా? హైడ్రోజన్ పెరాక్సైడ్ దూదితో అద్దమని కొందరు చెబుతున్నారు.

గంజిపిండి

వద్దండీ. దూదితో ఒకచోట అద్దితే అక్కడ తెల్లటి వృత్తం, దాని చుట్టూ గోధుమ గీత మిగులుతాయి. ఆ గీతని తర్వాత తీయడం మచ్చని తీయడం కంటే కష్టం. పైగా రసాయనం కడిగేయకుండా కాగితంలో మిగిలిపోతే కొన్నేళ్ళకి పీచు పెళుసుబారుతుంది. తెల్లబరచడం అంటే షీటంతా నీళ్ళలో ముంచి, చివర పూర్తిగా కడిగి చేసే పని, అది పేపర్ కన్జర్వేటర్ చేతిలోనే జరగాలి. వారసత్వ సంపదను కాపాడే సంస్థ ఇంటాక్ వాళ్ళ కన్జర్వేషన్ కేంద్రంలో అడిగి చూడండి.

మీరు చేయగలిగింది మార్జిన్ల మీద దుమ్ము తీయడం వరకే. వల్కనైజ్డ్ రబ్బరు స్పాంజి చిన్న ముక్క కోసి, రుద్దకుండా, ప్లేట్ మార్క్ బయట మాత్రమే, లోపలినుంచి అంచువైపు మెల్లగా అద్దుతూ పోండి. నల్లబడిన ముఖం కోసేసి కొత్త ముఖం వాడండి. ప్లేట్ మార్క్ లోపలికి స్పాంజి గానీ, బ్రష్ గానీ, వేలు గానీ పోకూడదు. మీ ప్రింటులో మచ్చలు కింది మార్జిన్‌లోనే ఉన్నాయి కాబట్టి కిటికీ బోర్డు వాటిలో కొన్నింటిని ఎలాగూ కప్పేస్తుంది. తేమ అదుపులో ఉంటే అవి పెరగవు.